నీలివర్ణపు కొలత: యెల్లాప్రగడ సుబ్బారావుగారి శాస్త్రకృషి

మన సంస్కృతకావ్యములను వ్యాఖ్యానములతో చదివిన సోదరీమణులకు ‘ఇత్యమరః’ అను మాట చిరపరిచితము. మెదకుసీమయందలి కొలిచెలమ వాస్తవ్యుడైన మల్లినాథసూరి కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, ఒక పదమునకు అర్థము చెప్పిన పిమ్మట, అది తన స్వకపోలకల్పితము కాదని చూపుటకై ‘ఇత్యమరః’ అని ముగించును. ‘అమరసింహుడు తన నిఘంటువునం దిట్లు చెప్పెను’ అని దాని భావము. వ్యాఖ్యాత పుటపుటకు అమరుని స్మరించుచున్నాడు గదా యని అమరసింహుడు కాళిదాసునికంటె గొప్పవాడని యెవ్వరును అనరు. నిఘంటువు అందరి అక్కరకు వచ్చునది. అక్కరకు వచ్చినవానిని పదిమంది పదిమారులు తలతురు.

విజ్ఞానశాస్త్రమునందును ఈ యాచారమే కలదు. శాస్త్రజ్ఞుడు తన పరిశోధనమును పత్రికయందు ప్రకటించునపుడు, ఎవరెవరి కృషిని ఆధారము చేసికొనెనో వారి వ్యాసములను పేరుపేరున పేర్కొనవలెను. దీనిని ఉల్లేఖన మందురు. అమెరికాదేశమున ఫిలడెల్ఫియా నగరమందలి యూజీన్ గార్ఫీల్డుగారు ఈ ఉల్లేఖనములను కూర్చి, ఏ వ్యాసమును ఎవ రెవరు స్మరించిరో తెలుపు సూచి నొకదానిని 1964లో ప్రకటించిరి. చదువరులకు దారిచూపుటకై పుట్టిన యా సూచి క్రమముగా శాస్త్రజ్ఞుల ఘనతను తూచు త్రాసయ్యెను. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మరియొక కొలతను కల్పించెను. ఒకని వ్యాసములలో పది వ్యాసములు పదేసిమారులైనను స్మరింపబడినచో అతని యంకె పది. ఇరువది వ్యాసములు ఇరువదేసి మారులైనచో ఇరువది. నేడు పెక్కు విద్యాలయములలో ఉద్యోగములును, ధనసహాయములును ఇట్టి యంకెలను చూచి యొసగుచున్నారు.

ఈ త్రాసు ఎంతవరకు నమ్మదగినది? ఇది విద్వాంసులకు వదలివేయదగిన ప్రశ్న యని మేము తలంపము. ఎవరి శ్రమ లెక్కకు వచ్చును, ఎవరి శ్రమ రాదు అను విచారము గృహిణులమైన మనకు క్రొత్త కాదు గదా! తెలుగునాట జన్మించిన యొక జీవరసాయనశాస్త్రజ్ఞుని చరిత్రము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పుచున్నది. ఆయనయే డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమగోదావరి ప్రాంతమందలి భీమవరమున జన్మించిరి. చిన్ననాట వారికి చదువుపై మనసు నిలువలేదు. కాశీకిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచిన బాలుని తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టిరని వారి జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవ మారుగాని గట్టెక్కలేదు. అటుపై మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, వైద్యకళాశాలలోను చదివిరి. శస్త్రచికిత్స నేర్పు ఆంగ్లాచార్యుని యెదుట ఖద్దరు ధరించి నిలిచినందులకు ఆయన యాగ్రహమునకు పాత్రులై, పూర్తి పట్టమునకు బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటికి వచ్చిరి. ఆ పిమ్మట కొంతకాలము మద్రాసులో ఆయుర్వేద కళాశాలయందు ఉపాధ్యాయులుగ నుండిరి.

వారి సోదరు లిరువురు స్ప్రూ అను వ్యాధిచే కొలదిదినముల యెడముతో మరణించిరి. ప్రేగులు ఆహారసారమును గ్రహింపలేక, రక్తము క్షీణించి, మనుష్యుడు శుష్కించిపోవు వ్యాధి యది. ఆనాడు దానికి మందు లేదు. ఈ దుఃఖము వారి హృదయమున నాటుకొనెను.

వైద్యవిద్యార్థిగ నున్న కాలముననే వారు శేషగిరిగారిని వివాహమాడిరి. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువునకు తోడుపడిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థ సహాయము నొసగెను. ఆ బలముతో సుబ్బారావుగారు సముద్రముదాటి అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రము చదివిరి. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రముచేయుట మున్నగు కూలిపని. శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి. ఆయన మరల స్వదేశమునకు రానేలేదు. రామాయణకథ చెప్పువారు వనవాసమునకు పోయినవారి పదునాలుగేండ్లను వర్ణింతురు. అంతఃపురమున నిలిచిన ఊర్మిళ పదునాలుగేండ్లను మన స్త్రీల పాటలే తలచుకొనినవి. శేషగిరిగారి నిరీక్షణకు పదునాలుగేండ్ల గడువు కూడ లేకపోయెను.

నీలివర్ణము

హార్వర్డు వైద్యవిద్యాలయమున సుబ్బారావుగారు సైరస్ ఫిస్కుగారివద్ద జీవరసాయనమున పరిశోధన నారంభించిరి. ఆ కాలమున రక్తమునందును, కండరములందును ఉండు భాస్వరమును సరిగా కొలుచుట కష్టముగ నుండెను. వీ రిరువురు కూడి 1925లో ఒక సులభమైన పద్ధతిని ప్రకటించిరి. అది ఎట్టిదో మన వంటింటి భాషలోనే చెప్పవచ్చును.

పరీక్షింపదలచిన ద్రవమునకు ఆమ్లముతో గూడిన మాలిబ్డేటు అను లవణద్రావణమును కలుపుదురు. అందు భాస్వరలవణ మున్నచో రెండును కలిసి యొక సమ్మేళన మేర్పడును. దానికి మరియొక ద్రవ్యమును కొలదిగ చేర్చినంతనే చక్కని నీలివర్ణము పుట్టును. భాస్వర మెంత యెక్కువయో నీలి యంత చిక్కన. పసుపునీటిలో సున్నము కలిపి పారాణి ఎరుపును చూచి పాలు తెలిసికొను మనకు ఈ సూక్ష్మము బోధపడకపోదు. పరిమాణము ముందే తెలిసిన ద్రావణముయొక్క నీలితో దీనిని సరిపోల్చినచో భాస్వర మెంత యున్నదో తేలిపోవును. ఇంతే పద్ధతి. కాని రక్తపరీక్ష చేయు వైద్యుడు, ఎముకలను గూర్చి విచారించువాడు, మొక్కలను, నేలను పరీక్షించువాడు, అందరికిని భాస్వరపు కొలత అవసరమే. కనుక ఫిస్కు, సుబ్బారావుగార్ల పేర్లు జంటగా లోకమందలి ప్రయోగశాలల కన్నిటికి ప్రాకినవి.

ఆ కొలతనుండియే మరియొక వింత బయలుపడెను. కండరమునుండి తీసిన రసమును ఈ పద్ధతితో పరీక్షించినపుడు నీలి వెంటనే పూర్తిగ రాదయ్యె. నిమిషములు గడచినకొలది మెల్లమెల్లగ చిక్కనగుచుండెను. వేరొక రైనచో పద్ధతియందు దోషమున్నదని విసువుకొని యుందురు. వీరు ఆ యాలస్యమునకే కారణమును వెదకిరి. కండరములో భాస్వరము వేరొక పదార్థముతో పెనవేసికొనియున్నదనియు, పరీక్షద్రవములోని ఆమ్లము దానిని క్రమక్రమముగ విడదీయుచున్నదనియు తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927లోనే లండను నగరమున గ్రేస్ ఎగిల్‌టన్, ఫిలిప్ ఎగిల్‌టన్ అను దంపతులును వేరుదారిని ఈ పదార్థమునే కనుగొనిరి. భార్యాభర్తలు సమానముగ కూర్చుండి ప్రయోగము చేసి ఇరువురి పేరను ప్రకటించిన సంగతి మన సోదరీమణులకు ముదము గూర్చును.

తరువాత 1929లో ఫిస్కు, సుబ్బారావుగార్లు కండరమునుండి ఎ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్‌గారు అదే సంవత్సరమున విడిగా కనుగొనిరి. చేయి కదల్చుటకు, గుండె కొట్టుకొనుటకు, ఆలోచించుటకు దేహమున వ్యయమగు శక్తి యంతయు ఈ పదార్థముద్వారమున నడచును. ఇది మన దేహమందలి చెల్లుబడి నాణెము: క్షణక్షణము ఖర్చగుచు, క్షణక్షణము మరల ముద్రింపబడుచుండును. అంతవరకు కండరశక్తినిగూర్చి లోకము నమ్మియుండిన సిద్ధాంతమునకు 1922లోని నోబెలు బహుమానము దక్కియుండెను. ఈ క్రొత్త వార్తలతో దానిని సవరించుకొనవలసివచ్చెను. సుబ్బారావుగారికి 1930లో హార్వర్డు డాక్టరు పట్టము లభించెను. కాని స్థిరమైన ఆచార్యపదవి మాత్రము లభింపలేదు.

లెక్కకు వచ్చినది, రానిది

ఇప్పుడు త్రాసు మాటకు వత్తము. సుబ్బారావుగారి కృషిలో అత్యధికముగ ఉల్లేఖింపబడినది ఏది? జీవకోటి కంతటికి శక్తినిచ్చు ఎ.టి.పి.ని గూర్చిన వార్తయా? కాదు. నీలివర్ణపు కొలతను తెలిపిన 1925నాటి వ్యాసము. దానిని వేలకొలది వ్యాసములు పేర్కొన్నవి. శాస్త్రసాహిత్యమున మిక్కిలిగ స్మరింపబడిన వ్యాసముల సరసన గార్ఫీల్డుగారు దానిని పేర్కొనిరి.

ఇది వీరియొక్కరి విషయమే కాదు. 1951లో ఆలివర్ లౌరీ అను మరియొక అమెరికను జీవరసాయనజ్ఞుడు తన సహచరులతో ప్రకటించిన వ్యాసము లోకములో నెల్ల అధికముగ ఉల్లేఖింపబడినది. 2014లో లెక్కించిననాటికి మూడులక్షల ఐదువేలకు పైబడినది. అదియు మాంసకృత్తులను కొలుచు పద్ధతియే. చిత్రమేమన అదియు నీలివర్ణపు పరీక్షయే! అది తన గొప్పపని కాదని లౌరీగారే ఒప్పుకొనిరి. కనుక ఈ లెక్క అబద్ధము చెప్పుట లేదు. ఏ సాధనము ఎందరికి పనికివచ్చినదో అది సరిగనే చెప్పును. మానికను చేసి యిచ్చినవానిని ఊరంతయు తలచుకొనును, తప్పేమి? మానికను చేసినవాడే పంటనంతయు పండించెనని అనుకొన్నప్పుడే తప్పు వచ్చును.

ఎ.టి.పి. మాట యేమైనది? అది పాఠశాలల పుస్తకములలోని కెక్కినది. మా యింటివారు బోధించు పాఠశాలలో పదునాలుగేండ్ల బాలబాలికలు ఎ.టి.పి. అని నోరార పలుకుదురు. కనుగొన్నవా రెవరని వారి కెవ్వరును చెప్పరు. శాస్త్రజ్ఞులును అంతే, ఎ.టి.పి. అని వ్రాయునపు డెవ్వరును 1929నాటి వ్యాసమును పేర్కొనరు. ఒక సత్యము అందరిసొత్తుగ మారినతోడనే దాని కర్తపేరు చెరిగిపోవుటను రాబర్టు మెర్టన్ అను సమాజశాస్త్రజ్ఞుడు గుర్తించి వివరించెను. పప్పులో పోపు పెట్టుట మొదట ఏ యిల్లాలికి తోచెనో ఎవరు చెప్పగలరు? కొంచెముగ వ్యాపించిన మేలునకు పేరుండును. మిక్కిలిగ వ్యాపించినదానికి పేరుండదు.

లెక్కకు రాని మరియొక భాగము దుఃఖకరమైనది. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములు ఫిస్కుగారి యసూయవలన వెలుగుచూడలేదనియు, పిమ్మట ఇతరులు వానిని మరల కనుగొనవలసివచ్చెననియు జార్జి హిచింగ్సుగారు చెప్పిరి. హిచింగ్సుగారు ఆ ప్రయోగశాలలోనే పనిచేసినవారు. 1988లో నోబెలు బహుమానము పొందినవారు. అచ్చుకాని వ్యాసమును ఎవరు స్మరింతురు? ఎంత గొప్ప సూచియైనను అచ్చైనదానినే లెక్కించును.

గృహములకు చేరిన ఫలము

1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్‌రివరు ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అచ్చటి పరిశోధనముల కన్నిటికి నాయకులైరి. ఇక్కడినుండి ఆయన కృషి మన గడపల వఱకు వచ్చినది.

దీనికి పూర్వరంగము బొంబాయిలో జరిగినది. లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు 1928 మొదలుకొని అచ్చట బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనతను పరీక్షించిరి. పేదకూలి స్త్రీలకు ఈస్టుసారము తినిపించగా రక్తము వృద్ధియగుటను కనుగొని 1931లో ప్రకటించిరి. అందున్న జీవపదార్థ మేదో ఆనాడు తెలియలేదు. 1941లో టెక్సాసులో కొందరు శాస్త్రజ్ఞులు దానిని పాలకూరనుండి తీసి, ఆకునుండి వచ్చినది కావున ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీవారు దానిని కాలేయమునుండి వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలోనే కృత్రిమముగ తయారుచేసిరి. అది స్ప్రూ వ్యాధికి ఔషధమయ్యెను. తోబుట్టువులను బలిగొన్న వ్యాధికి మందు దొరకెను. వారు పోయి ఎన్నో యేండ్లు గడచిన పిమ్మట.

ఆ ఫోలిక్ ఆమ్లమునే కొంచెము మార్చి, దానికి విరోధియగు అమైనాప్టెరిన్ అను మందును వారు సిద్ధముచేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తపుకాన్సరుచే మరణోన్ముఖులైన 16 మంది శిశువులకు ఇచ్చి, 10 మందికి కొంతకాలము ఉపశమనము కలుగుటను చూచి 1948లో ప్రకటించెను. నేటి కాన్సరుచికిత్సలో అది మహాఘట్టము. ఆ వ్యాసమునకు ఉల్లేఖనములు మెండు. కాని వ్యాసకర్తలలో సుబ్బారావుగారి పేరు లేదు. అదే సంవత్సరమున వెలువడిన ఆరియోమైసిన్ అను గొప్ప మందును వారి నాయకత్వమున వెదకిన వృద్ధశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గరుగారి పేరనే ప్రకటించిరి. అదియు సుబ్బారావుగారి లెక్కలోనికి రాదు. వంటంతయు దగ్గరుండి నడపి, వడ్డన ఇతరులచేత చేయించి తాము వంటయింటనే నిలుచు ఇల్లాండ్రు మనలో లేరా?

1947లో వారి బృందము వెలువరించిన హెట్రజాన్ బోదకాలునకు మందు. గోదావరీప్రాంతమున పుట్టిపెరిగినవారికి ఆ వ్యాధి యెంత హింసయో చెప్పనక్కరలేదు. మన రాష్ట్రములలో ఆరోగ్యశాఖవారు ఇంటింటికి తిరిగి మ్రింగించిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారతప్రభుత్వము తపాలబిళ్ళ ప్రకటించెను.

సోదరీమణులకు మనవి

ఈ చరిత్రమునుండి మన మెఱుగవలసిన గృహోపయోగకరమైన సంగతులు కొన్ని కలవు. గర్భమందలి శిశువుయొక్క వెన్నునాళము గర్భము నిలిచిన నాలుగు వారములలోపలనే మూతపడును. అనగా తల్లికి తాను గర్భవతి నని రూఢిగ తెలియకమునుపే. ఆ సమయమున ఫోలిక్ ఆమ్లము చాలనిచో ఆ నాళము సరిగా మూతపడకపోవచ్చును. ఇంతకుముం దట్టి బిడ్డను కన్న తల్లులకు గర్భమునకు ముందునుండియే ఈ మాత్ర నిచ్చి పరీక్షింపగా, ఆ దోషము నూటికి 72 పాళ్లు తగ్గినట్లు 1991లో ప్రకటింపబడినది. కావున సంతానము కోరు కోడలికి, కుమార్తెకు మూడవనెల వచ్చినపిమ్మట కాక, ముందుగనే వైద్యురాలి నడిగి ఈ మాత్ర వేయింపవలెను. సాధారణముగ దినమునకు 400 మైక్రోగ్రాములు చాలునందురు. ఆరోగ్యకేంద్రములలో గర్భిణుల కిచ్చు ఇనుపమాత్రయందు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలిసియే యున్నది. అది వేడిచేయునని పెద్దలు మాన్పించుట తగదు. ఆకుకూరలు, పెసలు, సెనగలు మున్నగువానిలో ఇది సహజముగ నుండును. కూరను మితిమీరి ఉడికించి నీరు పారబోసినచో చాలవరకు నశించును.

రెండవది. అమైనాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేటును నేడు కీళ్లవాతమునకును ఇచ్చుచున్నారు. కీళ్లవాతమునకు దానిని వారమున కొక్కమారు మాత్రమే తీసికొందురు. దినదినము మ్రింగిన ప్రాణాపాయము. అది ఫోలిక్ ఆమ్లమునకు విరోధి గనుక గర్భిణులకు నిషిద్ధము. ఇంట అత్తగారికి ఆ మందున్నచో వేరుడబ్బాలో నుంచి వారము పేరు వ్రాసిపెట్టుట మేలు.

చివర మాట. పెద్దచదువులకు పోయిన మన బిడ్డలు ‘నా వ్యాసము నింతమంది ఉల్లేఖించిరి’ అని సంతసముతో చెప్పునపుడు మనమును సంతసింతము. అది వారి పని యితరుల అక్కరకు వచ్చినదనుటకు సాక్ష్యము. ఆ యంకె స్వల్పమై కుమిలినపుడు మాత్రము సుబ్బారావుగారి కథ చెప్పుదము. ఆయన పేరును లెక్కించిన సూచి ఒక నీలివర్ణపు కొలతనే లెక్కించినది. పురిటిగదిలోని తల్లి, బోదకాలు మానిన రైతు, ఆస్పత్రినుండి ఇంటికి తిరిగివచ్చిన పసివాడు ఏ సూచికి నెక్కలేదు. శేషగిరిగారును ఎక్కలేదు. ఆ లెక్క మనము పెట్టుకొనవలసినదే. కోడలి చేతికి ఆ చిన్నమాత్ర నిచ్చునపుడు, భీమవరములో పుట్టిన యొక తెలుగుబిడ్డ పేరును, ఆయనకై వేచియుండిన యిల్లాలి పేరును కూడ చెప్పుదుము గాక.